విస్తీర్ణం సరే, మేర మాటేమిటి?

సందేహం: మా పొలం కొలిచిన సర్వేయరు “విస్తీర్ణం సరిపోయింది, హద్దులే సరిపోలేదు” అన్నాడు. ఈ రెంటినీ కలిపి చెప్పే తెలుగు మాట ఉందా? సర్వేను ‘భూమాపనం’ అనవచ్చా?

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. ‘భూమాపనం’ తప్పేమీ కాదు. అయితే గట్టు మీద నిలబడి ఆ మాట పలికినవారు నాకింతవరకు తారసపడలేదు. పైగా సర్వే అంటే పుట్టుకలో ‘పైనుంచి చూడటం’. రాళ్లు వెతకడం, పటం గీయడం, పాతదానితో సరిచూడటం అన్నీ అందులోవే. కొలత ఒక పని మాత్రమే. సర్వే అనే అనండి.

ఇక మొదటిది. మనకు ‘మేర’ ఉంది. పొలిమేరలో అది హద్దు, కనుచూపు మేరలో విస్తారం. పోతన వామనుడు అడిగింది వినండి:

ఒంటివాఁడ నాకు నొకటి రెండడుగుల
మేర యిమ్ము సొమ్ము మేర యొల్లఁ
గోర్కిఁ దీర బ్రహ్మకూకటి ముట్టెద
దానకుతుకసాంద్ర! దానవేంద్ర!

ఎంత గడుసు వటువు! అడుగుల మేర అన్నాడు గాని ఎవరి అడుగో చెప్పలేదు. బలీ అడగలేదు. మన పాత శాసనాల్లో గడతో, అంటే కొలకర్రతో, కొలిచిన భూములకు అది ఏ గడో కూడా చెప్పినవి ఉన్నాయి. తర్వాత వచ్చిన సర్వే గొలుసుకు ఆ బెంగ లేదు: 66 అడుగులు, 100 లింకులు. పొడవు పది గొలుసులు, వెడల్పు ఒక గొలుసు అయితే ఎకరం. సగం గొలుసు చదరం గుంట. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి గొలుసు బిగలాగి, చివర సూది గుచ్చేదాకా అన్నదమ్ములు ఊపిరి బిగబట్టేవారు.

చివరికి వామనుడు పుచ్చుకున్నది మూడడుగులే; ఒకటీ రెండూ కలిపితే మూడే కదా. లెక్క తప్పలేదు, హద్దు మాత్రం బ్రహ్మలోకం దాటింది. మీ సర్వేయరు చెప్పిందీ ఇదే కదా!

ఇంతటి మాటను పత్రికలవారు “ఈ మేరకు ఒక ప్రకటన విడుదల చేశారు” అంటూ రోజూ అరగదీస్తున్నారు. ఏ మేరకు? ఆ వాక్యంలోంచి దాన్ని తీసేసి చదవండి, వెంట్రుకవాసి అర్థం తగ్గదు. (‘సరిహద్దు’లోని ‘సరి’ కూడా మన సరి కాదు, పారశీకపు ‘సర్’. దానికి వేరే ఉత్తరం రాయండి.)

మాటల్లో ‘మేర’ నిక్షేపంగా వాడుకోండి. దస్తావేజులో మాత్రం విస్తీర్ణం, చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దుల వివరం) విడివిడిగానే రాయించండి. రెండర్థాల మాట దొరికితే అవతలి ప్లీడరు పోతన వ్యాఖ్యాతలను మించిపోతాడు.