జర్మనీలో హార్జ్ కొండల అంచున ఉన్న గోస్లార్ ఊరికి అంత సంపద ఎలా వచ్చింది? ఏం చూడాలి?

ఊరి వెనకున్న రామెల్స్‌బర్గ్ కొండే కారణం. అందులో వెండి, రాగి, సీసం, జింకు కలిసిన ఖనిజం దొరికేది. బండ గట్టిది కావడంతో కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడికి పగిలిన రాతిని తవ్వేవారు. కట్టెలు, కొలిమి బొగ్గు హార్జ్ అడవుల నుంచి వచ్చేవి. 11వ శతాబ్దంలో చక్రవర్తి మూడో హెన్రీ ఇక్కడ రాజప్రాసాదం కట్టించాడు. ఆయన దేహం స్పేయర్ నగరంలో ఉంది, గుండెను మాత్రం ఈ ప్రాసాదపు చాపెల్‌లోనే (చిన్న ప్రార్థనా మందిరం) ఉంచారు. 1552లో గని ఆదాయం బ్రన్స్‌విక్ ప్రాంత పాలకుడైన డ్యూక్ చేతికి పోయాక ఊరు బాగా దెబ్బతింది. గని 1988లో మూతపడింది. 1992లో గనికీ పాత ఊరికీ కలిపి యునెస్కో గుర్తింపు దక్కింది.

చాలామంది మార్కెట్ చౌకు, చెక్క చట్రాల ఇళ్లు చూసి తిరిగెళ్తారు. అది సగమే. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న గనిలో రోడర్ సొరంగంలోకి తప్పక దిగండి, నీటితో తిరిగిన పెద్ద చక్రాలు అక్కడున్నాయి. వేసవిలోనూ లోపల చలే, జాకెట్ ఉండాలి. నేల తడిగా ఉంటుంది కాబట్టి జారని బూట్లు వేసుకోండి. హనోవర్ నుంచి నేరుగా రైలుంది. పూర్తి రోజు కేటాయించండి.