ఇంట్లో చేసుకున్న వెయింగ్ మెషీన్, ఫోన్‌కి వచ్చే నాన్నగారి బరువు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న (వరంగల్ పాఠకుడు): మా నాన్నగారికి గుండె వీక్‌గా ఉంది, రోజూ పొద్దున బరువు చూసి రాసి పెట్టమన్నారు డాక్టరు గారు. పుస్తకంలో రాయడం నాలుగు రోజులకే ఆగిపోయింది. అందుకని పాత గ్లాసు వెయింగ్ మెషీన్ విప్పి, అందులో ఉన్న నాలుగు లోడ్ సెల్స్‌కి (బరువు పడితే వంగి సిగ్నల్ ఇచ్చే సెన్సర్లు) ఆ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డూ, వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డూ తగిలించి నేనే తయారుచేశా. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని సెన్సర్లన్నిటినీ ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, దానికి ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) ద్వారా బరువు పంపుతున్నా. కానీ గ్రాఫ్‌లో 0.4, 23, 61, 68.9, 68.1, 12 ఇలా ఇష్టమొచ్చినట్టు పడుతోంది. హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ చేస్తే అన్‌నోన్ అంటోంది, సరే అని రీటెయిన్ (చివరి మెసేజ్‌ని దాచి ఉంచే సెట్టింగ్) పెడితే రీస్టార్ట్ అయినప్పుడల్లా నాన్నగారు బరువు చూసుకున్నారని మెసేజ్ వస్తోంది. పైగా నేనూ అమ్మా ఎక్కినా అదే గ్రాఫ్‌లో పడుతోంది. ఎక్కడ సరిచేయాలి?

జవాబు: ముందు ఒక మాటండి, మీరు చేసింది చాలా అవసరమైన పని. గుండె వీక్‌గా ఉన్నవాళ్లకి ఒంట్లో నీరు చేరడం మొదలైతే కాళ్ల వాపూ ఆయాసమూ బయటపడక ముందే చాలాసార్లు బరువులో తెలిసిపోతుంది, రోజూ చూడమనేది అందుకే. కాబట్టి ఆ నంబరు నమ్మదగ్గదిగా ఉండాలి, అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది అదే.

మీరు హోమ్ అసిస్టెంట్‌లో ఫిల్టర్లు పెట్టి సరిచేయాలని చూస్తున్నట్టున్నారు, అక్కడ వద్దు, బోర్డులోనే చేయండి. మనిషి ఒకసారి ఎక్కి దిగితే బోర్డు నుంచి ఒక్క నంబరే బయటికి రావాలి. హెచ్‌ఎక్స్711 సెకనుకి 10 సార్లు గానీ 80 సార్లు గానీ చదవగలదు, మనకి 10 చాలు. చివరి 15 రీడింగులు దగ్గర పెట్టుకోండి, వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 0.3 కిలోల లోపు ఉండి సగటు 10 కిలోలు దాటితే మనిషి కదలకుండా నిలబడ్డాడని అర్థం, అప్పుడు మధ్య విలువ తీసి ఒక్కసారి పంపేసి, బరువు మళ్లీ 5 కిలోల కిందకి పడేదాకా ఇంకేమీ పంపకూడదు. పెద్దవాళ్లు కొంచెం ఊగుతూ నిలబడతారు కాబట్టి 0.3 బదులు 0.5 పెట్టాల్సి రావచ్చు, నాన్నగారితోనే నాలుగైదు రోజులు ట్రై చేసి చూసుకోండి. ఇంకోటి, తూలిపోతామేమోనన్న భయంతో చాలామంది గోడ పట్టుకుంటారు, గోడ పట్టుకుంటే బరువు తగ్గి కనిపిస్తుంది. అలాగని పట్టుకోవద్దని చెప్పి పడిపోయేలా చేయకండి, పక్కన కుర్చీ వేసి ఉంచి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పట్టుకోమనండి, బీప్ వచ్చేదాకా ఉండే ఆ రెండు సెకన్లు మాత్రం చెయ్యి వదలమనండి. దానికి చిన్న బజర్ పెడితే చాలు.

ఇక రీటెయిన్ సంగతి. రీటెయిన్ పెట్టిన మెసేజ్‌ని బ్రోకర్ (ఎంక్యూటీటీ మెసేజ్‌లు అందుకుని పంచే సర్వర్) దాచుకుని, ఎవరు కొత్తగా కనెక్ట్ అయినా వాళ్లకి అదే మళ్లీ ఇస్తుంది, హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయినప్పుడు జరిగేది ఇదే, అది మీ ఆటోమేషన్‌కి కొత్త బరువులా కనిపిస్తుంది. అందుకని రెండు టాపిక్‌లు (మెసేజ్‌లు వెళ్లే ఛానెళ్ల లాంటివి) పెట్టండి. ఒకదానికి రీటెయిన్ ఉండాలి, అది డ్యాష్‌బోర్డులో చివరి బరువు చూపించడానికి. రెండోదానికి రీటెయిన్ ఉండకూడదు, మెసేజ్‌లూ అలర్ట్‌లూ అన్నీ దాని మీద ఎంక్యూటీటీ ట్రిగ్గర్‌తోనే (మెసేజ్ రాగానే పలికేది) నడవాలి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, నిన్నా ఇవాళా సరిగ్గా ఒకే బరువు వస్తే సెన్సర్ విలువ మారలేదు కాబట్టి, విలువ మారితేనే పలికే స్టేట్ ట్రిగ్గర్ పలకదు, ఎంక్యూటీటీ ట్రిగ్గర్ అయితే పలుకుతుంది.

గ్రాఫ్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. హోమ్ అసిస్టెంట్ వివరమైన హిస్టరీని మామూలుగా 10 రోజులే దాచుతుంది, తర్వాత చెరిపేస్తుంది. సెన్సర్ సెట్టింగుల్లో స్టేట్ క్లాస్ అనే చోట మెజర్‌మెంట్ అని పెడితే గంటకో లెక్కగా దీర్ఘకాలపు స్టాటిస్టిక్స్ విడిగా నిలిచిపోతాయి, వాటిని చెరపదు. ఎంక్యూటీటీలో ఇది మనమే రాయాలి, దాంతో పాటు డివైస్ క్లాస్ వెయిట్ అనీ యూనిట్ కిలోలు అనీ కూడా. మూడు నెలల తర్వాత డాక్టరు గారు గ్రాఫ్ చూపించమన్నప్పుడు పది రోజులే ఉంటే ఎంత బాధగా ఉంటుందో చూడండి, ఇవాళే మార్చేయండి.

ఎవరు ఎక్కారో తెలియాలంటే ప్రతి మనిషి చివరి బరువూ దాచి, కొత్త నంబరు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లదని తీసుకోవచ్చు. అమ్మగారికీ నాన్నగారికీ పది కిలోల తేడా ఉంటే ఇబ్బంది లేదు. కానీ మీ ఇంట్లో ఎవరిద్దరి మధ్యైనా తేడా 3, 4 కిలోల లోపే ఉంటే ఈ పద్ధతిని నమ్మొద్దు, ఎందుకంటే నాన్నగారి బరువు నిజంగా పెరిగిన రోజే అది మీ గ్రాఫ్‌లోకి వెళ్లిపోతుంది, అంటే అవసరమైన రోజే తప్పుతుంది. అలాంటప్పుడు మెషీన్ పక్కన ఆయనకంటూ ఒక బటన్ పెట్టండి, లేదా ఇది ఎవరిది అని మీ ఫోన్‌కి బటన్లున్న నోటిఫికేషన్ వచ్చేలా చేయండి, హోమ్ అసిస్టెంట్ యాప్‌లో ఆ సౌకర్యం ఉంది.

అలర్ట్ ఎంత దగ్గర పెట్టాలంటే అది మీ డాక్టరు గారిని అడిగి ఆయన చెప్పిన నంబరే పెట్టండి. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో కిలో, కిలోన్నర, లేదా వారంలో రెండు కిలోల పైన పెరిగితే ఫోన్ చేయమంటారు. నీరు పోయే మాత్ర మనంతట మనం పెంచడం గానీ తగ్గించడం గానీ వద్దు. రోజూ ఒకే టైముకి, లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్ ముందు, ఇంచుమించు అవే బట్టలతో చూడాలి. నాకైతే దీనికన్నా ముఖ్యం అనిపించే అలర్ట్ ఇంకోటుంది: పొద్దున 9 గంటలకి బరువు రాకపోతే మీకు మెసేజ్ రావాలి. బ్యాటరీ అయిపోయిందో, వైఫై పోయిందో, నాన్నగారికి లేవాలనిపించలేదో, ఏదైనా మీకు తెలియాల్సిందే.

ప్రశ్న (భీమవరం పాఠకురాలు): నేనూ ఇలాంటిదే చేశానండి. పొద్దున 0 చూపించేది మధ్యాహ్నానికి ఎవరూ ఎక్కకుండానే 0.7 అంటుంది. బాత్రూమ్‌లో పెట్టాం, ఫోన్ ఛార్జర్‌తో నడుస్తోంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ఛార్జర్ తీసేయండి. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, పక్కనే ప్లగ్గు, ఇవి మూడూ ఒకచోట ఉండకూడదు. బ్యాటరీతోనే నడపండి, మెషీన్‌ని బాత్రూమ్ బయట పొడిగా, గట్టిగా ఉన్న గచ్చు మీద పెట్టండి. మన ఇళ్లలో బాత్రూమ్ రోజూ నీళ్లతో కడుగుతాం, లోడ్ సెల్ వైర్ల దగ్గరికి తేమ చేరినా రీడింగ్ తప్పుతుంది.

ఆ 0.7 వేడి వల్ల అయ్యుంటుంది, ఈ చవక లోడ్ సెల్స్ వేడెక్కితే సున్నా కదులుతుంది. దీనికి మందు ఏంటంటే ప్రతిసారీ ఎక్కే ముందు సున్నా చేయడం. బటన్ నొక్కగానే బోర్డు నిద్ర లేచి, ఒక సెకను ఖాళీగా చదివి దాన్నే సున్నా అనుకుని, బీప్ కొట్టాకే ఎక్కాలి. ఎవరైనా ముందే ఎక్కేసి బటన్ నొక్కితే మనిషినే సున్నా అనుకుంటుంది కదా, అందుకని కిందటిసారి దాచుకున్న సున్నాకీ దీనికీ 3 కిలోల కన్నా ఎక్కువ తేడా ఉంటే సున్నా చేయకుండా దిగమని రెండు బీప్‌లు ఇవ్వాలి. అప్పటికీ తేడా వస్తుంటే సెల్స్ బిగించిన తీరు చూడండి, మధ్యలో ఉండే నాలుక లాంటి భాగం కింద ఖాళీ ఉండాలి, మొత్తం జిగురు పెట్టి చెక్కకి అంటించేస్తే అది వంగలేదు, వంగకపోతే బరువు తెలియదు.

క్యాలిబ్రేషన్‌కి (తెలిసిన బరువు పెట్టి మెషీన్‌ని సరిచేయడానికి) కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి సరిపెట్టేయకండి, 60 కిలోల మనిషిని కొలిచేదానికి ఆ దరిదాపుల్లో ఉన్న బరువే కావాలి. రెండు బియ్యం బస్తాలు కిరాణా కొట్టులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా మీద తూచి తెచ్చుకుని వాటితో చేయండి. ఆ తర్వాత ఇంట్లో ఏదో ఒక బరువైన మారని వస్తువుని, జిమ్ డంబెల్ లాంటిదాన్ని, ప్రతి ఆదివారం పెట్టి చూస్తుండండి. అదే 0.5 ఎక్కువ చూపిస్తే మనిషి బరువు పెరగలేదు, మెషీన్ రీడింగే తప్పుతోందని తెలిసిపోతుంది.

ప్రశ్న (హైదరాబాద్ పాఠకుడు): డాలస్‌లో ఉన్న మా అక్క కూడా అమ్మ బరువు గ్రాఫ్ చూడాలంటోంది. రౌటర్‌లో పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) తెరిస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండి. హోమ్ అసిస్టెంట్ 8123 పోర్టు గానీ ఎంక్యూటీటీ 1883 పోర్టు గానీ ఇంటర్నెట్‌కి నేరుగా తెరవకండి, 1883లో వెళ్లేదానికి మామూలుగా ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు, అమ్మగారి ఆరోగ్యం వివరాలు ఊళ్లో అందరికీ కనపడాల్సినవి కావు. వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ (దూరంగా ఉన్న ఫోన్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే వీపీఎన్‌లు) పెట్టి అక్క గారి ఫోన్‌ని ఇంటి నెట్‌వర్క్‌లోకి తీసుకోండి, లేదా డబ్బు కట్టి హోమ్ అసిస్టెంట్ క్లౌడ్ తీసుకోండి. ఆవిడకి విడిగా యూజర్ ఇవ్వండి, అడ్మిన్ అవసరం లేదు. ఆవిడ ప్రొఫైల్‌లో టైమ్ జోన్ దగ్గర సర్వర్ టైమ్ అని మార్చడం మర్చిపోకండి, లేకపోతే ఇక్కడ పొద్దున ఆరున్నరకి చూసిన బరువు ఎండాకాలంలో అక్కడ ముందురోజు రాత్రి 8 గంటలదిగా కనిపిస్తుంది, డాక్టరు గారితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఇద్దరూ వేరే వేరే తేదీలు చెబుతారు.