పాత పికప్ మిస్సింగ్ కొడుతోందా? ఎప్పుడు కొడుతోందో ముందు రాసుకోండి

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్లు కొందరు పాత పికప్ ట్రక్కు కొంటారు. ఇల్లు మారేటప్పుడు సామాను మోస్తుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కొన్న రెండు మూడు నెలలకు నాకు ఫోను వస్తుంది: "అన్నయ్యా, బండి ఒక్కోసారి కుదుపుతోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిగా నడుస్తోంది. ఏం మార్పించమంటారు?" అప్పుడే ఏదీ మార్పించకండి. ఆ కుదుపు ఎప్పుడు వస్తోందో వారం రోజులు రాసుకోండి.

మన దగ్గర 'మిస్సింగ్' అంటే ఏ మెకానిక్‌కైనా అర్థమవుతుంది. ఇక్కడ ఆ మాట వాడితే ఏదో భాగం పోయిందనుకుంటారు. 'మిస్‌ఫైర్' అనండి. ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సమయానికి మండటం లేదన్నమాట. స్పార్క్, పెట్రోలు, గాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో ఆ మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి): వీటిలో ఏది తగ్గినా అంతే.

వచ్చే వేళే సగం ఆచూకీ ఇస్తుంది. వాన పడ్డప్పుడు, తేమ ఉన్న ఉదయాల్లో వస్తే స్పార్క్ ప్లగ్గుకు కరెంటు తెచ్చే వైరు నుంచో, ఆ కరెంటు పుట్టించే కాయిల్ రబ్బరు తొడుగు నుంచో కరెంటు బయటికి దూకుతోందేమో చూడాలి. ఇంజిను బాగా వేడెక్కాకే వస్తే కాయిల్‌ను అనుమానించాలి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడైతే అరిగిన ప్లగ్గులు, లేదా ఇంధన పీడనం చాలకపోవడం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కుదిపి, వేగం అందుకోగానే సర్దుకుంటే ఎక్కడో వాక్యూమ్ లీకు, అంటే ఇంజినులోకి అదనపు గాలి పీల్చే సందు, ఉండవచ్చు. చల్లటి ఇంజిను స్టార్ట్ చేయగానే వణికి, కూలెంట్ (ఇంజినును చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పైభాగం కింద ఉండే సీలు) పరీక్ష చేయించండి, ఆలస్యం వద్దు.

నా ఎనిమిది సిలిండర్ల బండి తేమ ఉన్న ఉదయాల్లో మొదటి రెండు మైళ్లు దడదడలాడేది, మధ్యాహ్నానికి మామూలే. ఒక షాపులో కాయిల్స్ ఎనిమిదీ, ప్లగ్గులు ఎనిమిదీ మార్చి ఆరు వందల డాలర్లకు పైగా తీసుకున్నారు. మరుసటి వారం వాన పడగానే మళ్లీ అదే దడ. అప్పట్లో ఆ డబ్బు మా నెల అద్దెలో సగం. ఇంకెవరికీ అలా పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అప్పుడు, బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే చిన్న స్కానర్ కొన్నాను. 1996 మోడల్ నుంచి ఇక్కడి కార్లకు, తేలికపాటి పికప్‌లకు స్టీరింగ్ కింద దాన్ని తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. పీ0300 వస్తే మిస్‌ఫైర్ ఒక్క సిలిండర్‌కు పరిమితం కాలేదని అర్థం. పీ0301 నుంచి పీ0308 దాకా అయితే చివరి అంకే సిలిండర్ సంఖ్య. నాకు వచ్చింది పీ0304. కోడ్ పడిన క్షణాన ఇంజిను వేడి, ఆర్‌పీఎం ఎంతో కూడా కంప్యూటర్ 'ఫ్రీజ్ ఫ్రేమ్'గా దాచిపెడుతుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది కాబట్టి ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి.

ఇంజిను ఆపి, చల్లారాక, నాలుగో సిలిండర్ కాయిల్‌ను ఆరో దానికి, ఆరో దాన్ని నాలుగో దానికి పెట్టాను. సిలిండర్ల లెక్క అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఫోర్డ్ వీ8లో (ఎనిమిది సిలిండర్ల ఇంజినులో) నాలుగోది ప్యాసింజర్ వైపు అన్నిటికన్నా వెనకది, షెవ్రొలే వీ8లో అదే వైపు ముందు నుంచి రెండోది. కాయిల్‌తో పాటు కోడ్ కూడా పీ0306కి మారితే తప్పు కాయిల్‌దే. మూడు రోజుల తర్వాత వచ్చింది మళ్లీ పీ0304. అంటే కాయిల్ బాగానే ఉంది.

ఆ రాత్రి బండిని ఆరుబయట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, లైట్లన్నీ ఆర్పి, ఇంజిను నడుస్తుండగా స్ప్రే సీసాతో ప్లగ్గు వైర్ల మీద నీటి తుంపర చల్లాను. నాలుగో వైరు దగ్గర సన్నటి నీలి దారంలా నిప్పు టిక్ టిక్‌మంటూ ఇంజిను లోహం మీదికి దూకింది. దూకిన ప్రతిసారీ బండి కుదిపింది. ఎగ్జాస్ట్ గొట్టానికి ఆనుకుని ఆ వైరు తొడుగు మాడిపోయింది. షాపు వాళ్లు అన్నీ మార్చారు, పాత వైర్లను మాత్రం అలాగే ఉంచారు. కొత్త వైర్ల సెట్టుతో ఆ జబ్బు పోయింది. ఈ పరీక్ష చేసేటప్పుడు చేతులు దూరంగా ఉంచండి, మూసిన గ్యారేజీలో ఇంజిను నడపకండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో బండి పని చేయనివ్వరు, లీజు చూసుకోండి.

చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం వేగం తగ్గించి సురక్షితమైన చోట ఆపండి. మండని పెట్రోలు, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని విపరీతంగా వేడెక్కిస్తుంది. ఎండుగడ్డి మీద ఆపకండి, అంటుకుంటుంది.

షాపుకు వెళితే మొహమాటపడకుండా, ముందు లోపం కనిపెట్టడానికి ఎంతవుతుందో అడగండి. తర్వాత "నన్ను అడగకుండా ఏదీ మార్చవద్దు" అని చెప్పండి. కాలిఫోర్నియాలో ముందుగా రాతపూర్వక అంచనా ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. పని ఒప్పుకునేటప్పుడే అడిగితే మార్చిన పాత భాగాలు మీకు చూపించాలి కూడా. మీది 2004-2008 నాటి ఫోర్డ్ 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వులుండే ఇంజిను అయితే ప్లగ్గులు మీరే విప్పే ప్రయత్నం చేయకండి. అవి లోపలే విరిగిపోతాయని పేరుపడ్డాయి. ఆ ఇంజిన్లతో అలవాటున్న మెకానిక్‌కే ఇవ్వండి.

స్మాగ్ పరీక్ష (బండి పొగ కాలుష్య తనిఖీ) దగ్గర పడితే, మరమ్మతు చేసి కోడ్ చెరిపిన రోజే వెళ్లకండి. కంప్యూటర్ తన సొంత తనిఖీలు పూర్తిచేసుకోవాలి. ఊళ్లోనూ హైవే మీదా కొన్ని రోజులు నడిపి, స్కానర్‌లో అవి 'రెడీ' అని కనిపించాక వెళ్లండి.