తృప్తి పడితే ఇక్కడే ఆగిపోతానేమోనని భయం

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. గుంటూరులో వార్డు సచివాలయంలో పనిచేస్తున్నాను. 2019లో పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు మా నాన్న వీధంతా స్వీట్లు పంచారు. 15 వేల జీతంతో చేరాను. ప్రొబేషన్ ఎప్పుడు డిక్లేర్ చేస్తారా అన్న టెన్షన్‌తోనే రెండేళ్లు దాటిపోయాయి. ఆ తర్వాత గ్రూప్-2 మొదలుపెట్టాను. డిప్యూటీ తహసీల్దార్ కావాలన్నది నా కోరిక. 2025 ఫిబ్రవరిలో మెయిన్స్ రాస్తే కొద్ది మార్కుల్లో పోయింది. నాతో కలిసి చదివిన అమ్మాయి సర్టిఫికెట్ల పరిశీలనకు ఎంపికైంది. ఆమె స్టేటస్ చూసిన రోజు అన్నం సయించలేదు.

మా ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో అకౌంట్స్ చూస్తారు, రోజూ రైల్లో వెళ్లొస్తారు. ఐదేళ్ల పాపను అత్తయ్యగారే చూసుకుంటారు. నేను పుస్తకం తీస్తే పాప తనంతట తనే తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి వెళ్లిపోతుంది. మా అమ్మ "నీకేం తక్కువే, గవర్నమెంటు ఉద్యోగం, ఉన్నదానితో తృప్తి పడు" అంటుంది. ఆ మాటకి ఒళ్లు మండుతుంది. తృప్తి పడితే ఇక్కడే ఆగిపోతానేమోనని భయం. పడకపోతే నిద్ర లేదు.

ఒకటో తారీఖున పింఛన్లు ఇవ్వడానికి వెళతాం. ఒక మామ్మకి వేలిముద్ర ఓ పట్టాన పడదు. మిర్చి తొడిమలు తీసీ తీసీ వేళ్లు అరిగిపోయాయి. కొంగుతో తుడుచుకుంటూ నాలుగైదుసార్లు పెడుతుంది. పడగానే నా చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు తల్లీ" అని గ్లాసులో టీ పోసి ఇవ్వబోతుంది. ఇంకా ముప్పై ఇళ్లు తిరగాలి, వద్దని వచ్చేస్తాను. జీవితమంతా ఇలాంటి ఉద్యోగంలోనే ఉండిపోవాలా మేడమ్?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి చదువుతుంటే ఒకటి తట్టింది. మార్కుల గురించి, స్నేహితురాలి స్టేటస్ గురించి రాసిన చోట మీ వాక్యాలు పొట్టిగా, ఊపిరి ఆడనట్టు ఉన్నాయి. మామ్మ దగ్గరికి వచ్చేసరికి కొంగు, వేలు, టీ గ్లాసు, ఆవిడ అన్న మాట, అన్నీ కళ్లకు కట్టాయి. "ఇలాంటి ఉద్యోగం" అని తీసిపారేయడానికి మీరు చెప్పిన ఉదాహరణ అది. ఉత్తరం మొత్తంలో ప్రాణం ఉన్న చోటు కూడా అదే. ఆ అరిగిన వేలిని ఓపిగ్గా మళ్లీ మళ్లీ పెట్టించే మనిషికి తన పని మీద ప్రేమ లేదంటే నేను నమ్మను.

ముందు మీ అమ్మగారి మాట సంగతి. "నీకేం తక్కువ" అన్నప్పుడు మీకు అందులో "ఇక నోరు మూసుకో" అన్నది వినబడుతోంది. ఇంకా పైకి వెళ్లాలనుకోవడమే తప్పన్నట్టు. మన ఇళ్లలో ఈ మాట కొడుకుల కంటే కూతుళ్లకే ఎక్కువ వినిపిస్తుందని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. అదే ఉద్యోగంలో ఉన్న మగపిల్లాడు గ్రూప్స్ రాస్తానంటే చాలా ఇళ్లలో పాలు కాచి గదిలోకి పంపుతారు. కాబట్టి మీ కోపంలో న్యాయముంది. అయితే ఆవిడ వైపు నుంచి కూడా చూడండి. కళ్ల ముందు కూతురు తిండి మానేసి, నిద్ర లేక ఎండిపోతోంది. ఆ దిగులు చెప్పడానికి ఆవిడకు తెలిసిన మాట అదొక్కటే అయి ఉంటుంది. ఈసారి అన్నప్పుడు వాదించకుండా "అమ్మా, నువ్వు దేనికి భయపడుతున్నావు?" అని అడిగి చూడండి.

ఇక మీ భయం. తృప్తి పడితే చదువు ఆగిపోతుందని మీరు గట్టిగా నమ్ముతున్నారు. కాలికి ముల్లు గుచ్చుకుంటూ ఉంటేనే నడుస్తాననుకోవడం లాంటిది ఇది. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల్ని మూడు గుంపులు చేసి పది వారాలు రాయించారు. ఒక గుంపు వారానికోసారి, ఆ వారంలో తాము కృతజ్ఞతగా తలుచుకోదగ్గ మంచి సంగతులు రాయాలి. ఇంకో గుంపు ఆ వారం పడ్డ చికాకులు రాయాలి. మూడో గుంపు ఏ సంఘటనలైనా రాయొచ్చు. మొదటి గుంపు వాళ్లు తమ జీవితం మీద, రాబోయే వారం మీద మిగతావాళ్ల కంటే ఎక్కువ నమ్మకంతో ఉన్నారు. మీకు చెప్పాలనుకున్నది దాని తర్వాతి సంగతి: చికాకులు రాసినవాళ్ల కంటే వాళ్లు వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. ఉన్నదానికి సంతోషపడినవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోలేదు. లేచి కదిలారు.

కొద్ది మార్కుల్లో పోయిందన్న బాధ మీద కూడా ఒక పరిశోధన ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాళ్ల ముఖాల్ని వీడియోల్లో పరిశీలిస్తే, రెండో స్థానంలో నిలిచి రజతం తీసుకున్నవాళ్ల కంటే మూడో స్థానంలో కాంస్యం తీసుకున్నవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారట. రజతం వాళ్ల కళ్లు చేజారిన బంగారం మీద ఉన్నాయి. కాంస్యం వాళ్లకు పతకమే రాకుండా పోయేదన్న సంగతి గుర్తుంది. మీరిప్పుడు రజతం దగ్గర నిలబడి ఏడుస్తున్నారు. ఏడవండి, తప్పు లేదు. దగ్గరదాకా వచ్చి పోతే ఎవరికైనా కడుపులో దేవినట్టే ఉంటుంది. స్నేహితురాలి మీద వచ్చిన అసూయకు కూడా సిగ్గుపడకండి. ఆ స్టేటస్‌లు కొన్నాళ్లు మ్యూట్ చేసుకోండి. మనసు కుదుటపడ్డాక ఫోన్ చేసి, మెయిన్స్‌కు ఏ పేపరు ఎలా చదివిందో అడగండి. కలిసి చదివిన మనిషి, తప్పకుండా చెబుతుంది.

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది మీ ఇంటి గురించి. అత్తయ్యగారి గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, "పాపను చూసుకుంటారు" అని. నేనూ ఒకప్పుడు అంతే. విజయవాడలో పెళ్లయి కొత్తగా కాపురానికి వచ్చి, ఉద్యోగం చేస్తూ పీజీ చదివాను. రాత్రి పదింటికి మా అత్తగారు ఫ్లాస్కులో టీ పోసి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవారు. రెండేళ్లపాటు. పరీక్షలయ్యాయి, ఫస్టు క్లాసు వచ్చింది, అందరికీ ఫోన్లు చేశాను. ఆవిడకు మాత్రం ఏమీ చెప్పలేదు, పక్కనే ఉన్నారు కదా. చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తూ ఉండగా చెప్పాను, "అత్తయ్యా, ఆ టీ లేకపోతే నేను చదివేదాన్ని కాదు" అని. ఆ ఫ్లాస్కు సంగతి ఆవిడకు గుర్తే లేదు. "మీ మావగారు పోయిన కొత్తలు కదమ్మా, ఆ గదిలో లైటు వెలుగుతుంటే నాకు ధైర్యంగా ఉండేది" అన్నారు. నేను తీసుకుంటున్నాననుకున్న రోజుల్లో ఆవిడకు ఇస్తూ కూడా ఉన్నానని అప్పుడు తెలిసింది. ముందే నోరు విప్పి ఉంటే ఆ రెండేళ్లూ ఇద్దరికీ ఇంకా తేలిగ్గా గడిచేవి.

అందుకే చెబుతున్నాను, రుణం వేరు, కృతజ్ఞత వేరు. రుణపడ్డామనుకుంటే ఎదుటి మనిషి నుంచి మొహం తప్పిస్తాం, వాళ్ల మీదే విసుక్కుంటాం. గ్రూప్-2 కొట్టి అందరి బాకీ ఒకేసారి తీర్చేద్దామనుకుంటున్నారేమో మీరు. ఆ లెక్కన ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో అందరూ అప్పులవాళ్లలాగే కనబడతారు. మీవారు సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చాక "మీరు వెళ్లొస్తుండబట్టే నేను పుస్తకం తీయగలుగుతున్నాను" అని ఒక్కసారి అనండి. ఫలానా రోజు, ఫలానా పని అని గుర్తు చేసి చెబితే మరీ మంచిది. ఊరికే థాంక్స్ అంటే గాలికి పోతుంది. పాపకు మాత్రం మాటలతో సరిపెట్టకండి. వారంలో ఒక సాయంత్రం పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసి, తలుపు బార్లా తీయండి. ఐదేళ్ల పిల్లకు చప్పుడు చేయకుండా ఉండటం అంత బాగా వచ్చేసిందని చదివితే నాకు కష్టంగా అనిపించింది.

రాసే పని కూడా ఒకటి పెట్టుకోండి. రోజూ అక్కర్లేదు, ఇంకో సిలబస్ అయిపోతుంది. మంచిని వారానికి ఒకసారి రాసుకున్నవాళ్లకు కలిగిన మేలు మూడుసార్లు రాసినవాళ్లకు కలగలేదని మరో పరిశీలనలో తేలింది. ఆదివారం రాత్రి మూడు వాక్యాలు చాలు. "అత్తయ్యగారు మంగళవారం పాపకు జ్వరమొస్తే నన్ను లేపకుండా తడిగుడ్డ వేశారు" అన్నంత వివరంగా రాయండి.

చదువు మానమని నేను చెప్పను. మీరు దగ్గరదాకా వెళ్లిన మనిషి. డిప్యూటీ తహసీల్దార్ కుర్చీలో కూర్చున్నా మీ ముందుకు వచ్చేది ఆ మామ్మలాంటి వాళ్లే. పట్టా కోసమో సర్టిఫికెట్ కోసమో వస్తారు. అప్పుడు కావలసిన ఓపికను మీరు ఇప్పుడే ఇల్లిల్లూ తిరిగి నేర్చుకుంటున్నారు. కాకపోతే మీరూ మీవారూ ఒకరోజు కాగితం పెన్ను పెట్టుకుని కూర్చోండి. ఇంకా ఎన్ని నోటిఫికేషన్లు రాస్తారు, ఏడాదికి పుస్తకాలకు, టెస్టులకు ఎంత ఖర్చు పెట్టగలరు, రోజుకు ఎన్ని గంటలు చదివితే నిద్రకు ఏడు గంటలు మిగులుతాయి, తేల్చుకోండి. గడువు లేని ప్రిపరేషన్ మనిషిని కొరుక్కు తింటుంది. గడువు పెట్టుకుంటే, ఆ లోపల నిశ్చింతగా చదువుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి డాక్టరు కావాలి, నా సలహాలు సరిపోవు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. బయటికి వెళ్లడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్ అది. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

వచ్చే ఒకటో తారీఖున మామ్మ వేలిముద్ర పడ్డాక గ్లాసు మీ చేతికిస్తుంది కదా. తీసుకోండమ్మా. ఆ గుమ్మంలోనే కూర్చుని తాగండి. మిగతా ముప్పై ఇళ్లకు ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు.