సెస్నా 172ఎంకి వేరే ప్రాపెల్లర్: బోల్టులు పడితే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విమానం 1975 నాటి సెస్నా 172ఎం, ఇంజిన్ 150 హార్స్‌పవర్ లైకోమింగ్ ఓ-320-ఈ2డీ. ఉన్న ప్రాపెల్లర్ బ్లేడు మందం అరిగిపోయింది, ఇక పనికిరాదని ప్రాపెల్లర్ షాపు వాళ్లు తేల్చేశారు. ఇంతలో వాడిన మెక్‌కాలీ కంపెనీ 7557 ప్రాపెల్లర్ ఒకటి తక్కువ ధరకు దొరుకుతోంది. బోల్టులు పడతాయి, ఏ 172కైనా నడుస్తుందని అమ్మే ఆయన అంటున్నాడు. కొనొచ్చా అని అడిగారు.

ఇప్పుడున్నది ఉన్నట్టుగా అయితే కొనకండి. టెక్సస్‌లో నేనూ ఇంకో ఇద్దరు మిత్రులూ కలిసి ఇదే మోడల్ నడుపుతున్నాం. ఇదే పరిస్థితి మాకూ వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మీది కూడా అమెరికా రిజిస్ట్రేషనే కనుక ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) నియమాల ప్రకారమే చెబుతాను.

ముందు మీ విమానం టైప్ సర్టిఫికెట్ డేటా షీట్ తెరవండి, అంటే ఆ మోడల్‌కి ఆమోదించిన ఇంజిన్, ప్రాపెల్లర్, వాటి హద్దులు రాసి ఉండే పత్రం. 172లకు దాని నంబరు 3ఏ12. ఎఫ్‌ఏఏ వాళ్ల డీఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో మోడల్‌కి విడిగా భాగం ఉంటుంది. మీరు చదవాల్సింది 172ఎం భాగం మాత్రమే, పక్కనున్న 172ఎన్‌ది కాదు. మన 172ఎంకి అక్కడ ఉండేది మెక్‌కాలీ 1సీ160/సీటీఎం7553. మొదటి 75 వ్యాసం, తర్వాతి 53 పిచ్ (బ్లేడు మెలిక కొలత), రెండూ అంగుళాల్లో. మీకు దొరికిన 7557 మాత్రం 160 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న 172ఎన్‌ది. చూడ్డానికి రెండూ కవలల్లా ఉంటాయి, ముఖ్యమైన తేడా బ్లేడు మెలికలో. పిచ్ ఒక్క అంగుళం పెరిగితే సుమారు 25 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) తగ్గుతుందని షాపుల్లో మోటుగా ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కన నాలుగు అంగుళాలకి వంద ఆర్‌పీఎం పోయినట్టే. టేకాఫ్‌లో ఇంజిన్ తన పూర్తి శక్తి ఇవ్వలేదు. జూలై మధ్యాహ్నం నలుగురు కూర్చున్న విమానంలో, రన్‌వే చివర చెట్లు దగ్గరపడుతుంటే, ఆ వంద ఎంత విలువైనదో తెలుస్తుంది.

ప్రాపెల్లర్ పేరుతో పాటు ఆ షీట్‌లో ఇంకో రెండు విషయాలుంటాయి. చాలామంది వాటిని చూడరు, మేమూ చూడలేదు. ఒకటి వ్యాసం: 75 అంగుళాలు మించకూడదు, 74కి తగ్గకూడదు. రెండోది స్టాటిక్ ఆర్‌పీఎం: విమానం కదలకుండా పూర్తి థ్రాటిల్ ఇస్తే ఎంత నుంచి ఎంత మధ్య తిరగాలో ఆ హద్దులు. అంతకు మించి ఎలాంటి వెసులుబాటూ లేదని పక్కనే రాసి ఉంటుంది.

మేం కొన్నది సరైన 7553నే. ప్రకటనలో 75 అంగుళాలని ఉంది, పసుపు ట్యాగ్ (బాగుచేసిన షాపు కట్టే చీటీ) కూడా ఉంది. పెట్టె మా గ్యారేజీకి వచ్చిన రోజు సాయంత్రం ప్లైవుడ్ మూత విప్పి, మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి, హబ్ (బ్లేడులు కలిసే నడిమి భాగం) మధ్య నుంచి ఒక బ్లేడు కొసదాకా పెట్టి చూశాను. ముప్పై ఆరూ ముప్పావు. మళ్లీ పెట్టాను, అంతే వచ్చింది. రెండో బ్లేడూ అంతే. అంటే మొత్తం 73న్నర. ఎప్పుడో కొసలు దెబ్బతింటే రెండువైపులా సమానంగా కోసి, నున్నగా గుండ్రం చేసి రంగు వేశారు. పని ఎంత నీటుగా ఉందంటే కంటికి అనుమానమే రాదు. మా ఐఏ (తనిఖీ అధికారం ఉన్న మెకానిక్) మర్నాడు పొద్దున్నే వచ్చి స్టీలు టేపుతో కొలిచి, "ఇది నేను సంతకం పెట్టే సరుకు కాదు" అని మూత వేసేశారు. డబ్బు వెనక్కి రావడానికి నెలన్నర పట్టింది, ఆ నెలన్నర విమానం హ్యాంగర్‌లోనే ఉంది.

అర అంగుళానికి ఇంత పట్టుబడతారేమిటని అప్పట్లో నాకూ అనిపించింది. తర్వాత ఆయనే విడమరిచి చెప్పారు. అల్యూమినియం బ్లేడుకి తనదైన కంపనం ఉంటుంది. ఇంజిన్‌లో పిస్టన్ దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆ అదురు క్రాంక్‌షాఫ్ట్ మీదుగా బ్లేడులోకి వస్తుంది. రెండూ ఒకే లయలో కలిస్తే లోహం అలసిపోయి పగులు మొదలవుతుంది. బ్లేడు పొడవు మారితే ఆ లయ మారుతుంది, ఇంజిన్ మోడల్ మారినా మారుతుంది. అందుకే ఇంజిన్నీ ప్రాపెల్లర్‌నీ జోడీగా పరీక్షించి ఆమోదిస్తారు. గాలిలో బ్లేడు ముక్క ఊడిపోతే ఆ అసమతౌల్యానికి ఇంజినే మౌంట్లు తెంచుకుని పోవచ్చు. ఈ మాట విన్నాక అర అంగుళం గురించి నేను ఎప్పుడూ వాదించలేదు.

ఇక మీ ముందున్న దారులు. సులువైనది షీట్‌లో ఉన్న ప్రాపెల్లరే కొనడం. మెకానిక్ బిగించి లాగ్‌బుక్‌లో రాస్తే చాలు. షీట్‌లో లేనిది కావాలంటే మీ మోడల్‌కీ, మీ ఇంజిన్‌కీ వర్తించే ఎస్‌టీసీ (అసలు డిజైన్‌లో మార్పుకి ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆమోదం) ఉండాలి. అది వాడుకోవడానికి దాని యజమాని నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి, పెద్ద మార్పులు నమోదు చేసే ఫారం 337 నింపాలి. పక్క హ్యాంగర్ విమానానికి ఉందని మీదానికి కుదరదు. మీ విమానానికి ఇదివరకే 180 హార్స్‌పవర్ ఇంజిన్ ఎస్‌టీసీ పడి ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు ఆ ఎస్‌టీసీ కాగితాల్లో ఉన్న ప్రాపెల్లరే చూడాలి. ఇంట్లో తయారుచేసుకునే ఆర్‌వీ విమానాల వాళ్లు తేలికైన కాంపోజిట్ ప్రాపెల్లర్లు చూపించి ఊరిస్తారు. ఆ వర్గం నియమాలు వేరు, మనకి వర్తించవు.

ఆ 7557నే చవగ్గా వస్తోందని మనసు లాగితే ఒక మార్గం ఉంది. ఎఫ్‌ఏఏ ఆమోదం ఉన్న ప్రాపెల్లర్ రిపేర్ స్టేషన్ తయారీదారు హద్దులకు లోబడి పిచ్ మార్చగలదు. మార్చాక హబ్ మీద పాత అంకె కొట్టేసి కొత్తది చెక్కుతారు. కానీ 1సీ160 తర్వాత వచ్చే అక్షరాలు కూడా షీట్‌లో ఉన్నట్టే ఉండాలి, సీటీఎం, డీటీఎం ఒకటి కాదు. డబ్బు కట్టకముందే ఆ నంబర్లన్నీ షాపుకి పంపి, ఇది మన షీట్‌కి సరిపోయేలా చేయగలరా అని అడగండి.

వాడినది ఏది కొన్నా స్పిన్నర్ (హబ్ మీది మూత) తీయించి హబ్ మీద చెక్కిన మోడల్, సీరియల్ నంబర్ల ఫొటో అడగండి. పసుపు ట్యాగ్ చూసి తృప్తిపడకండి, అది ఎఫ్‌ఏఏ అధికారిక ఫారం కాదు. ఎఫ్‌ఏఏ అధికారిక ఆమోద ఫారం 8130-3 ఉందా, రిపేర్ స్టేషన్ రాసిన వర్క్ ఆర్డర్‌లో బ్లేడు వెడల్పు, మందం, వ్యాసం కొలతలు ఉన్నాయా చూడండి. మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో రికార్డు కూడా తీసుకోండి, అది యజమాని దగ్గర ఉండాల్సిన కాగితమే.

బిగించాక గాలి లేని పొద్దున స్టాటిక్ ఆర్‌పీఎం చూడండి. చూసేముందు ఆర్‌పీఎం చూపించే టాకోమీటర్‌ని ఆప్టికల్ మీటర్‌తో సరిపోల్చుకోండి. మాది 60 ఆర్‌పీఎం తక్కువ చూపించేది. ఆ సంగతి తెలియక కొత్త ప్రాపెల్లర్ మీదే అనుమానపడి రెండు రోజులు టెన్షన్ పడ్డాం.

ఒక సంగతి మీరు రాయలేదు: పాత ప్రాపెల్లర్ ఎప్పుడైనా నేలకి గానీ, తిరుగుతూ మరి దేనికైనా గానీ తగిలిందా? తగిలి ఉంటే ఏడీ (తప్పనిసరిగా పాటించాల్సిన ఎఫ్‌ఏఏ భద్రతా ఆదేశం) 2004-10-14 ప్రకారం ఇంజిన్ వెనకవైపు క్రాంక్‌షాఫ్ట్ గేరు తనిఖీ చేసి, దాని బోల్టు కొత్తది వేసి ఉండాలి. లాగ్‌బుక్‌లో ఆ ఎంట్రీ కనబడకపోతే కొత్త ప్రాపెల్లర్‌కి డబ్బు కట్టేముందే మీ మెకానిక్‌తో మాట్లాడండి.