తేదీ చెప్పే ముందు మేస్త్రీని అడుగు

చి. అమ్మలూకి,
మామయ్య ఆశీస్సులు.

మధురవాడ సైటు నీ చేతికిచ్చారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కానీ ఓనరు గారు ఎప్పటికవుతుందని అడిగితే, నువ్వు నిలబడ్డచోటే "సంక్రాంతికి ఇచ్చేస్తాం" అన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

నేను సొంతంగా చూసిన మొదటి ఇల్లు కంచరపాలెంలో. టేబుల్ దగ్గర కూర్చుని రోజులు లెక్కేసి, మాఘంలో గృహప్రవేశం పెట్టుకోండని చెప్పేశాను. మేస్త్రీని ఒక్క మాట అడగలేదు. స్లాబు పోయడానికి కింద చెక్కలు, జాకీలు బిగించే సెంట్రింగ్ వాళ్లంతా శ్రీకాకుళం వైపు వాళ్లు. భోగికి ముందు ఊరెళ్లినవాళ్లు ముక్కనుమ అయిపోయిన వారానికి గానీ రాలేదు. ముహూర్తం ఆగదు కదా! ఆ ఇంటి పెద్దావిడ గచ్చు లేని గదిలో, ఇసుక మీద పీట వేసుకుని పాలు పొంగించింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇసుక అంటిన ఆ పట్టుచీర అంచు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఎన్ని రోజులని ఊరికే అడిగితే మేస్త్రీ నీకు నచ్చే అంకే చెబుతాడు. అందుకని మూడు అడుగు. అన్నీ కలిసొస్తే ఎన్ని? మామూలుగా ఎన్ని? వాన పడి, మనుషులు రాకపోతే ఎన్ని? సెంట్రింగ్‌కి 6, 8, 16 అన్నాడనుకో. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించు. 9 వస్తుంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల పనికి తయారుచేసుకున్న పర్ట్ పద్ధతిలోది ఈ లెక్క. ఒక్క రోజే కదా తేడా అనిపిస్తుంది. ముప్పై పనులకు కలిపి చూడు.

పని చేసే రోజులతో పాటు ఆగే రోజులూ రాయాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్లాగ్ సిమెంటు అయితే క్యూరింగ్, అంటే కాంక్రీటుకి నీళ్లు పట్టడం, కనీసం 10 రోజులు. మామూలు సిమెంటు వాడినా, నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద జాకీలు 14 రోజులు కదపకూడదు, ఆరు మీటర్లు దాటిన బీము కింద 21. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పే లెక్కలివి. గది నిండా జాకీలుంటే లోపల గోడ కట్టేవాడు ఎక్కడ నిలబడతాడు?

ఆటోనగర్ నుంచి గ్రిల్స్ నాలుగు రోజులు లేటుగా వచ్చినా కొంపేం మునగదు. సెంట్రింగ్ ఒక్క రోజు జారితే మాత్రం, దాని వెనక పనులన్నీ ఆగి చివరి తేదీయే జారుతుంది. అలాంటి పనుల కింద ఎర్ర గీత గీసి, పొద్దున్నే ముందు వాటి సంగతి చూడు.

అక్టోబరులో మన విశాఖ వానల సంగతి నీకు తెలుసు. 2014లో హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది అక్టోబరు 12నే. కరెంటు లేదు, మనుషులు లేరు, నా సైట్లన్నీ ఆగిపోయాయి. అంత కాకపోయినా అల్పపీడనం అంటూ ఏదో ఒకటి వస్తుంది. అలాంటి వాటి కోసం కలుపుకునే మిగులు రోజుల్ని ప్రతి పనిలో కాస్త కాస్త దాచకు. చివర్లో ఒకేచోట, ఓనరు గారికి కనిపించేలా పెట్టు. తేదీ తప్పేలా ఉందని తెలిసిన రోజే ఆయనకు చెప్పెయ్.

ఒక డైరీ పెట్టుకో. ఎన్ని రోజులనుకున్నావో, ఎన్ని పట్టిందో పక్కపక్కనే రాయి. ఆరు నెలలకల్లా నీ లెక్క ఎక్కడ తప్పుతుందో నీకే తెలుస్తుంది.

ఆదివారం సైటుకి వస్తాను. ఈలోగా మేస్త్రీ దగ్గర ఆ మూడు అంకెలూ అడిగి ఉంచు. సంక్రాంతికి ఎవరెవరు ఊరెళతారో, ఎప్పుడొస్తారో కూడా అడుగు. ఇద్దరం కూర్చుని తేదీ లెక్కేసి, ఓనరు గారి దగ్గరికి కలిసే వెళ్దాం.

మీ మామయ్య