డాక్టరుగా ఉండి చట్టసభకు వెళ్లిన డేవిడ్ రామ్సే ఎవరు?

అమెరికా తొలినాళ్ల డాక్టరు, రాజకీయ నాయకుడు. 1749లో పెన్సిల్వేనియాలో పుట్టి, ఫిలడెల్ఫియాలో వైద్యం చదివి, దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. స్వాతంత్ర్య యుద్ధ కాలంలోనే ఆ రాష్ట్ర ప్రతినిధుల సభలో సభ్యుడయ్యాడు. 1780లో ఊరు బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కాక, ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో దాదాపు ఏడాది బందీగా ఉన్నాడు. 1790లలో రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షుడు. చరిత్ర గ్రంథాలూ రాశాడు (ఇవాళ ఆయన పేరు వినిపించేది ఎక్కువగా వాటివల్లే).

చావు మాత్రం డాక్టరు పనివల్లే వచ్చింది. కోర్టు అడిగితే ఒక దర్జీని పరీక్షించి, మతిస్థిమితం లేదని చెప్పాడు. ఆ మనిషే 1815 మే నెలలో నడివీధిలో ఆయన్ని పిస్తోలుతో కాల్చాడు. రెండు రోజులకు ప్రాణం పోయింది. ఈలోగా చుట్టూ చేరినవాళ్లతో, అతనికి పిచ్చి, అతని తప్పేమీ లేదు, దీనికి మీరే సాక్షులని చెప్పాడట.